బలం మాత్ర కొనే ముందు – మగవారికి కొన్ని మాటలు



"డాక్టరు గారూ, నీరసంగా ఉంటోంది, బలానికి ఏదైనా రాసి ఇవ్వండి." ఓపీలో మగవారి నోట మేము తరచుగా వినే మాట ఇది. చాలామంది ఈ మాట మా దాకా కూడా తీసుకురారు. మందుల షాపులోనే అడిగి, బి కాంప్లెక్స్ షీటు ఒకటి, టానిక్ సీసా ఒకటి కొనుక్కుని వెళ్ళిపోతారు. ఆడవారికి కాన్పుల సమయంలోనైనా రక్తపరీక్ష, బి.పి. పరీక్ష జరుగుతాయి. మగవారికి అటువంటి సందర్భమే రాదు. యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నా ఒక్కసారి కూడా బి.పి. చూపించుకోని రైతులు, మేస్త్రీలు, ఆటో డ్రైవర్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. అందుకే ఈ వ్యాసం. మగవారి కోసం రాస్తున్నాము గానీ, ముందుగా ఇంట్లో ఆడవారే చదువుతారని మాకు తెలుసు. చదివి వారికి వినిపించండి.

నీరసం అనేది జబ్బు పేరు కాదు, లోపల ఏదో ఉందని చెప్పే గుర్తు మాత్రమే. దాని వెనుక షుగర్ ఉండవచ్చు, రక్తహీనత ఉండవచ్చు, థైరాయిడ్, టి.బి., కాలేయం, మూత్రపిండాలు, గుండె – ఏదైనా ఉండవచ్చు. మనసులోని దిగులు కూడా ఒంటి నీరసంగానే కనిపిస్తుంది. కనుక మాత్ర కంటే ముందు పరీక్ష. బి.పి., హిమోగ్లోబిన్, పరగడుపున షుగర్, క్రియాటినిన్, మూత్ర పరీక్ష – మొదట ఇవి చాలు. మగవారికి హిమోగ్లోబిన్ 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. పరగడుపున షుగర్ 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, మళ్ళీ చేసినా అలాగే వస్తే మధుమేహం. బి.పి. 140/90 దాటుతూ ఉంటే దానికి వైద్యం కావాలి. నడుము కొలత 90 సెంటీమీటర్లు దాటిందేమో ఇంట్లోనే టేపుతో చూసుకోవచ్చు.

బలం సెలైన్ సంగతి

మాత్రల కంటే సెలైన్ మీద మన వారికి నమ్మకం ఎక్కువ. అర లీటరు గ్లూకోజు సెలైన్ సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. రెండు మూడు ఇడ్లీలు తింటే వచ్చే శక్తి అంతే. ఉప్పు సెలైన్ అయితే లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజంతటికీ 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, బి.పి. ఉన్న మనిషికి, గుండె బలహీనంగా ఉన్న మనిషికి ఇంత ఉప్పు నేరుగా రక్తంలోకి ఎక్కించడం బలం కాదు, ప్రమాదం. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవారికి సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. పొలం పని అలసటకు మాత్రం అది మందు కాదు.

రోజూ మద్యం తాగేవారి విషయం ఇంకా వేరు. తాగుడు వల్ల తిండి తగ్గి, బి1 విటమిన్ ఒంట్లో అడుగంటిపోతుంది. ఈ బి1 లోపంతో వచ్చే బెరిబెరి వ్యాధి మన కోస్తా జిల్లాలకు పాత కథే. ఉత్తర సర్కారులలోని ఈ వ్యాధి గురించి మాల్కమ్సన్ అనే డాక్టరు 1835లోనే మద్రాసులో పుస్తకం ప్రచురించాడు. పాలిష్ పట్టిన పచ్చి బియ్యమే దానికి కారణమని తెలియడానికి చాలా దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు మన దగ్గర ఈ లోపం ఎక్కువగా కనిపించేది మద్యపానం చేసేవారిలోనే. అటువంటి మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. కనుక సెలైన్ పెట్టేవారికి తాగుడు అలవాటు గురించి దాచకుండా చెప్పండి. భార్య అయినా చెప్పాలి.

బి12 – నిజంగా లోటు ఉండే విటమిన్

మరి విటమిన్ మాత్రలు అసలు వద్దా? అలా అనడం లేదు. లోటు ఉన్నవారికి అవి ఎంతో మేలు చేస్తాయి. మన మగవారిలో తరచుగా కనిపించే లోటు బి12. ఇది మొక్కల నుండి రాదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, ముఖ్యంగా కార్జం నుండి వస్తుంది. శాకాహారులకు లోటు రావడం తెలిసిందే. అయితే మాంసం తినేవారికీ వస్తుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతున్నవారు, గ్యాస్ అని రోజూ ఉదయం ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటి మాత్రలు మింగేవారు, వయసు పైబడినవారు ఈ పరీక్ష ఒకసారి చేయించుకోవాలి.

దీని గుర్తులు మెల్లగా వస్తాయి. పాదాలలో తిమ్మిర్లు, మంటలు, మతిమరపు. చెప్పు కాలి నుండి జారిపోయినా తెలియకపోవడం. ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే తూలడం, చీకట్లో నడవలేకపోవడం. ఇవి షుగర్ వల్ల కూడా వస్తాయి కనుక, "షుగర్ ఉందిగా, ఇవన్నీ మామూలే" అని సరిపెట్టుకుంటారు. అది పొరపాటు. నరాలు బాగా దెబ్బతిన్న తరువాత ఇంజక్షన్లు మొదలుపెడితే పోయిన శక్తి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఇక్కడ మన తెలుగువాడి ప్రస్తావన రావాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇద్దరు సోదరులను స్ప్రూ అనే వ్యాధితో పోగొట్టుకున్నారు. తరువాత అమెరికాలో లెడర్లీ సంస్థలో, 1940ల మధ్యలో, ఆయన నడిపించిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందయింది. అయితే ఆ రోజుల్లోనే వైద్యులు ఇంకొకటి గమనించారు. మరో రకం రక్తహీనతలో ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం బాగుపడుతోంది, నరాలు మాత్రం పాడవుతూనే ఉన్నాయి. ఆ రోగులలో లోపించినది బి12 అని, 1948లో ఆ విటమిన్‌ను వేరు చేసిన తరువాత తేలింది. ఇప్పటికీ ఇదే జరుగుతూ ఉంటుంది. పరీక్ష లేకుండా ఫోలిక్ యాసిడ్ ఉన్న బలం మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే, రక్తం రిపోర్టు బాగానే ఉండి లోపల నరాలు చెడిపోతూ ఉండవచ్చు.

విటమిన్ డి కూడా చాలామందిలో తక్కువగానే ఉంటుంది. ఎండ తగలని ఆఫీసు ఉద్యోగులలో మరీ ఎక్కువ. దీనికి ఇచ్చే 60,000 యూనిట్ల మాత్ర లేదా పొడి ప్యాకెట్ సాధారణంగా వారానికి ఒకటి, కొన్ని వారాల పాటే వాడాలి. వారానికి ఒకటి అని రాసినది రోజుకు ఒకటి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మూత్రపిండాల దెబ్బ వస్తాయి. చీటీ మీద "వారానికి" అన్న మాట చూసుకుని, ఆదివారం అనో బుధవారం అనో ఒక రోజు పెట్టుకోండి.

ఐరన్ మాత్రల సంగతి ఆడవారికి ఒక విధం, మగవారికి ఇంకొక విధం. మగవాడికి ఐరన్ తగ్గిందంటే రక్తం ఎక్కడో కారుతోందని ముందుగా అనుమానించాలి. మొలలు, కడుపులో పుండు, చెప్పులు లేకుండా పొలంలో తిరిగేవారికి కొంకి పురుగులు, వయసు మళ్ళినవారికి పేగు క్యాన్సర్ – ఏదైనా కావచ్చు. కారణం వెతకకుండా ఐరన్ మింగితే హిమోగ్లోబిన్ కొంత పెరుగుతుంది, జబ్బు దాగిపోతుంది. పైగా ఐరన్ వాడితే మలం నల్లగా వస్తుంది. కడుపులో రక్తస్రావం అయినా మలం నల్లగానే వస్తుంది. అందువల్ల తేడా తెలియకుండా పోతుంది.

ఎక్కువైతే మేలా?

"విటమినే కదా, ఎక్కువైతే నష్టమేముంది?" అని అడుగుతారు. నష్టం ఉంది. ఫిన్లాండులో పొగతాగే మగవారు 29 వేల మందితో జరిగిన పరిశోధనలో బీటా కెరోటిన్ మాత్రలు వాడినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. క్యారెట్, మునగాకు, తోటకూర తినండి, వాటితో భయం లేదు. బీడీ, సిగరెట్ తాగేవారు ఆ మాత్రలు మాత్రం వాడకూడదు. అలాగే అమెరికా, కెనడా తదితర చోట్ల 35 వేల మందికి పైగా మగవారితో జరిగిన పరిశోధనలో, రోజూ 400 యూనిట్ల విటమిన్ ఈ వాడినవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో ప్రకటించారు. పిక్కలు పట్టేస్తున్నాయని, చర్మం మెరవాలని ఆ ఆకుపచ్చ క్యాప్సూల్ నెలల తరబడి మింగే అన్నదమ్ములు ఇది గమనించాలి.

మామూలు మోతాదు మల్టీవిటమిన్ అంత హానికరం కాదు. అమెరికాలో యాభై దాటిన మగ డాక్టర్లు 14,641 మంది పదకొండేళ్ళ పాటు పాల్గొన్న పరిశోధన ఫలితం 2012లో వచ్చింది. క్యాన్సర్ 8 శాతం తగ్గింది, గుండెపోటు, పక్షవాతం ఏమీ తగ్గలేదు. అంటే బి.పి. మాత్ర మానేసి విటమిన్ మాత్ర వేసుకునేవాడు మంచి బేరం చేయలేదన్నమాట.

చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయం ఒకటి ఉంది. దాంపత్య బలహీనతకు బస్టాండ్లలో, గోడల మీద ప్రకటనలు చూసి పొడులు కొంటారు. మూలికల మందు అని అమ్మే ఇటువంటి వాటిలో కొన్నింటిలో సిల్డెనాఫిల్ అనే మందు రహస్యంగా కలిపి ఉన్నట్లు పరీక్షలలో చాలాసార్లు బయటపడింది. గుండె నొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవారు దీనిని తింటే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. అసలు ఈ బలహీనత షుగర్‌కు, గుండె రక్తనాళాల జబ్బుకు తొలి గుర్తు కావచ్చు. ఓపీలో తలుపు వేసి మాట్లాడవచ్చు. ఈ మాట మాకు కొత్తా కాదు, వింతా కాదు.

అలవాట్లు

ఏ మాత్రా చేయలేని మేలు పొగాకు మానడం చేస్తుంది. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా అన్నీ ఒకటే లెక్క. మానాలనుకునేవారికి 1800 112 356 అనే జాతీయ ఉచిత నంబరు ఉంది. రోజూ బాగా తాగేవారు మాత్రం మద్యం ఉన్నట్టుండి ఇంట్లోనే మానకండి. వణుకు, ఫిట్స్ రావచ్చు, డాక్టరు పర్యవేక్షణలో మానాలి. ఉప్పు విషయంలో కూర కంటే ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపల మీద కన్ను వేయండి. పొలం పని చేసేవారికి వేరే వ్యాయామం అక్కరలేదు. కుర్చీ ఉద్యోగులు వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవాలి. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లు అనిపించేవారికి పగటి నీరసం అందువల్లే కావచ్చు. ఈ సంగతి ఆయనకు తెలియదు, పక్కన పడుకునేవారికే తెలుస్తుంది. కనుక ఆమె కూడా ఆసుపత్రికి రావాలి.

డాక్టరు మాత్ర రాసిన తరువాత కొనేటప్పుడు పేరు కాదు, వెనుక అచ్చు చదవండి. అమెరికా నుండి పిల్లలు పంపే పెద్ద డబ్బాల మీద రోజువారీ అవసరంలో ఎంత శాతమో రాసి ఉంటుంది. వంద శాతం దగ్గర ఉన్నది చాలు, వేలలో ఉన్నది అనవసరం. యాభై దాటిన మగవారి కోసం అని అమ్మే డబ్బాలు చాలావాటిలో ఐరన్ ఉండదు, అది మంచిదే. కాల్షియం మాత్రలో, మల్టీవిటమిన్‌లో, వారపు మాత్రలో మూడింటిలోనూ విటమిన్ డి ఉందేమో చూడండి. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ వాడేవారు విటమిన్ కె ఉన్నది డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. ఐరన్ మాత్రలు చిన్నపిల్లలకు అందనీయకండి, గుప్పెడు మింగితే ప్రాణాపాయం. బి కాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం పచ్చగా వస్తే భయపడవద్దు, అది బి2 రంగు.

ఓపీకి వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న షీట్లు, డబ్బాలు, పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వాడుతుంటే రక్తం ఇచ్చే ముందే చెప్పండి. వాటి వల్ల థైరాయిడ్ పరీక్ష, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా రావచ్చు.