కంకిపాడు డ్రోన్‌కు అమెరికా కాగితాలు

కంకిపాడులో పెళ్లి వీడియోలు తీస్తాను. అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: 'అన్నా, మీ డ్రోన్ పట్టుకెళ్తే అక్కడ ఎగరేయనిస్తారా?'

ఎగరేయనిస్తారు. కానీ ఇక్కడి రిజిస్ట్రేషన్ నంబరు అక్కడ చెల్లదు. సరదాకే అయినా 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. రుసుము 5 డాలర్లు. 'ట్రస్ట్' అనే ఉచిత ఆన్‌లైన్ పరీక్ష బరువెంతైనా తప్పదు. నమోదైన డ్రోన్‌కు రిమోట్ ఐడీ కూడా ఉండాలి, అంటే గాల్లో ఉన్నంతసేపూ తానెవరో, ఎక్కడుందో చెబుతూ ఉండాలన్నమాట. చుట్టాల పెళ్లికి డబ్బు తీసుకుని తీస్తే అది సరదా కాదు, పార్ట్ 107 సర్టిఫికెట్ అడుగుతారు. గ్రాండ్ కాన్యన్ లాంటి నేషనల్ పార్కుల్లో 2014 నుంచీ నిషేధమే. బ్రిటన్, ఐరోపా రూల్స్ వేరు. విడి బ్యాటరీలు మాత్రం ఎక్కడికెళ్లినా చేతి సంచిలోనే.

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో. అక్కడ చవకని కొత్తది కొని తెస్తామంటారు మనవాళ్లు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషిద్ధం. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు. కస్టమ్స్ వాళ్లకు చుట్టరికాలు తెలియవు.

ఇక్కడైనా స్వేచ్ఛేమీ లేదు. గన్నవరం విమానాశ్రయం మాకు నేరుగా 12 కిలోమీటర్ల లోపే. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటాలంటే అనుమతి కావాలి. పొలం మనదే, పైన ఆకాశం కాదు. అందుకే ప్రభుత్వ మ్యాపు చూశాకే పెళ్లి బయానా పుచ్చుకుంటాను.