బాంబు బుట్టలోనా, నడుముకా?

ఏమర్రా, ఇలా కూర్చోండి. రాజీవ్ గాంధీని చంపిన బాంబు పూలబుట్టలో ఉందని పెద్దాడూ, దండలో ఉందని చిన్నాడూ పొద్దున్నుంచీ ఒకటే గొడవ. 1991లో మన కొత్తపేట సెంటర్లో టీకొట్ల దగ్గర కూడా ఇదే వాదన. పేపర్లు తలోమాటా రాశాయి మరి.

ఆ మే 21 సాయంత్రం ఆయన మన విశాఖపట్నంలోనే ఉన్నారు. విమానం మొరాయిస్తే ఆ రాత్రికి ఆగిపోదామనుకున్నారు. ఈలోగా అది బాగైంది. తనే నడుపుకుంటూ మద్రాసు వెళ్లారు. రాత్రి పది దాటాక శ్రీపెరుంబుదూరులో పేలుడు.

తమిళనాడు ఫోరెన్సిక్ శాఖ పెద్ద చంద్రశేఖరన్ గారు అక్కడ దొరికినవాటితో పాటు దొరకనిదాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఒక అమ్మాయి తల దొరికింది, కాళ్లు దొరికాయి, చెయ్యి దొరికింది. మొండెం మాత్రం లేదు.

పేలుడు ఒత్తిడి దూరం పెరిగేకొద్దీ యమా వేగంగా పడిపోతుంది. సంక్రాంతికి ప్రభల తీర్థంలో కాల్చే పెద్ద టపాకాయ మీద కొబ్బరిచిప్ప బోర్లిస్తే చిప్ప ముక్కలైపోతుంది. అదే చిప్పని రెండడుగుల అవతల పెడితే ఉన్నచోటే ఉంటుంది. (చేసి చూడకండి, మీ నానమ్మ నన్ను ఇంట్లోంచి గెంటేస్తుంది.) బాంబు బుట్టలోనో దండలోనో ఉంటే ముందు పోవాల్సింది పట్టుకున్న చేతులు. ఇక్కడ నడుమూ వీపూ పోయి, చెయ్యి మిగిలింది. అంటే ఆ బాంబు ఒంటికి అతుక్కునే ఉంది. ఆ బాంబులోని పేలుడుమందు ఆర్డీఎక్స్‌లో కూరిన ఉక్కు గుళ్ల సంగతి వేరు. అవి దూరం పోయినా వేగం అంత తొందరగా తగ్గదు, అందుకే కాస్త ఎడంగా నిలబడ్డవాళ్లకి ఒంటినిండా చిల్లులు. గాయాన్ని చూసి ఎవరు ఎంత దూరంలో ఉన్నారో చెప్పొచ్చన్నమాట. ఆ తరవాత డెనిమ్ గుడ్డపేలికలు, తీగముక్కలు ఏరి పక్కపక్కన పేరిస్తే బెల్టు రూపం కట్టింది.

అక్కడితో వాదన ఆగలేదు. ఆ బెల్టు ఆ అమ్మాయిదేనని రుజువేమిటి? ఇక్కడ మన హైదరాబాదు వచ్చింది. అక్కడి సీసీఎంబీ పరిశోధనశాల లాల్జీ సింగ్ గారు, అక్కడికి రాకముందే, కట్లపాము జాతి పాములో ఆడ, మగ తేడాలు వెతుకుతూ ఒక డీఎన్ఏ ముక్క పట్టుకున్నారు. అందులో నాలుగక్షరాల వరస ఒకటి మళ్లీమళ్లీ వస్తుంది. అదే వరస మనుషుల్లోనూ ఉంది, కాకపోతే ఎవరిలో ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ అన్నది మారుతుంది. మాంసంలోంచి డీఎన్ఏ తీసి, ఎంజైముతో కోసి, జెల్‌లో వేసి కరెంటు పెడతారు. చిన్న ముక్కలు ముందుకు ఉరుకుతాయి, పెద్దవి వెనకబడతాయి. రేడియోధార్మికత తగిలించిన ఆ పాము ముక్కని వాటిమీదకి వదిలితే, తనలాంటి వరస ఉన్నచోట అంటుకుని ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లగీతలు గీస్తుంది. బెల్టు పేలికలకి అంటిన మాంసం గీతలూ, ఆ అవయవాల గీతలూ ఒకే మనిషివని తేలింది.

“పక్కనున్నవాళ్ల మాంసం కూడా ఎగిరొచ్చి అంటుకోవచ్చు కదా, తాతగారూ?” అంటావా అమ్మడూ. శభాష్, లాయరు అడగాల్సిన ప్రశ్న. మాంసం ఎవరిదో డీఎన్ఏ చెబుతుంది గానీ, అక్కడికి ఎలా వచ్చిందో చెప్పదు. ఆ సంగతి చెప్పేది లేని మొండెం. రెండూ కలిస్తేనే లెక్క కుదిరింది. నాకైతే ఆ గీతలకన్నా మొండెం లేకపోవడమే గట్టి సాక్ష్యం.

ఇంతకీ ఆ అమ్మాయి, అదే ధను, ముఖం లోకానికి చూపించింది ప్రయోగశాల కాదు. హరిబాబు అనే ఫొటోగ్రాఫరు ఆ పేలుడులోనే పోయాడు, కెమెరా మాత్రం బతికింది. రీల్లో పది ఫొటోలు. దండ పట్టుకుని నిలబడ్డ ధను ఉంది, తెల్ల కుర్తాలో కుట్ర నడిపిన శివరాసన్ ఉన్నాడు.

1998లో కింది కోర్టు ఈ కేసులో నిందితులు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. బాంబు ఎవరు కట్టుకున్నారో బెల్టు చెప్పింది సరే, ఆశ్రయం ఇచ్చినవాడికి అసలు సంగతి తెలుసా లేదా అన్నది అదెలా చెబుతుంది? ఆ భాగం ఎక్కువగా ఒప్పుకోలు వాంగ్మూలాల మీద నిలబడింది. 1999 మే 11న సుప్రీంకోర్టు నలుగురికి ఉరి ఉంచి, ముగ్గురికి యావజ్జీవంగా తగ్గించి, 19 మందిని వదిలేసింది.