నల్లమల ముంగిట మార్కాపురం: యాత్రికులు చూడదగినవి, పాటించవలసినవి

గుంటూరు-నంద్యాల రైలు మార్గంలోని మార్కాపురం రోడ్ స్టేషన్‌లో దిగి శ్రీశైలం వెళ్లే యాత్రికులలో అనేకులు ఈ పట్టణాన్ని మజిలీగానే భావిస్తారు. ఒక రోజు ఆగగలిగిన వారికి ఇక్కడ దర్శనీయ స్థలాలు కొన్ని ఉన్నాయి.

పట్టణంలోని లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయం శిల్పసంపదకు ప్రసిద్ధి. తెలుగు బాలలు తరతరాలుగా అక్షరాలు దిద్దిన పలకలకు ఈ ప్రాంతపు గనులే ఆధారం. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారంగా పేరొందింది. గిద్దలూరు దారిలోని కంభం చెరువును కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి నిర్మించారు. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ దీనిని కట్టించినట్లు ప్రతీతి. 2020లో ఈ చెరువుకు ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు లభించింది.

దోర్నాల దాటిన తరువాత ఘాట్ రోడ్డు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. రాత్రివేళ వన్యప్రాణులు రోడ్డు దాటుతాయి. అందువల్ల సాధారణ రోజులలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. పగటి వేళలోనే దోర్నాల చేరుకొనేలా ప్రయాణం నిర్ణయించుకోవడం శ్రేయస్కరం. దారిలో వంట చేయడం, కోతులకు ఆహారం వేయడం, ప్లాస్టిక్ సంచులు పారవేయడం తగదు. వేసవిలో ఎండుటాకులపై పడిన ఒక్క నిప్పురవ్వ చాలు, అడవి దగ్ధం కావడానికి.