పలక కాకముందు బురద

ప్లాస్టిక్ పలకలు రాకముందు మనలో చాలామంది ఓనమాలు దిద్దింది రాతిపలక మీదే. ఆ పలకలకు పెట్టింది పేరు మార్కాపురం. అక్కడి గనుల్లో తీసిన రాయి అంచున ఉలి పెట్టి తడితే, అట్టల్లా పలుచగా విడిపోతుంది. మిగతా రాళ్లు ఇంత బుద్ధిగా విడిపోవు. దీనికి ఆ గుణం ఎలా వచ్చిందంటే, ఒకప్పుడిది సముద్రం అడుగున పేరుకున్న బురద.

మరి ఆ బురద ఎక్కడిది? గ్రానైటు లాంటి పాత రాళ్లు అరిగితే వచ్చింది. భూమి లోపల కిలోమీటర్ల లోతున శిలాద్రవం తీరిగ్గా చల్లారితే గ్రానైటు తయారవుతుంది. పాకం నెమ్మదిగా ఆరితే పటికబెల్లం పలుకులు పెద్దవిగా కట్టినట్టు, గ్రానైటులో స్ఫటికాలు కంటికి కనిపించేంత పెరుగుతాయి. శిలాద్రవం లావాగా పైకి పొంగి గబగబా చల్లారితే అంత వ్యవధి ఉండదు. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు కనిపించే నల్ల బసాల్టు అలా సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పుట్టింది. హైదరాబాద్ గుట్టల గ్రానైటు దానికి ముత్తాత, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మీదున్న కిలోమీటర్ల మందం రాయి అరిగిపోబట్టే అది మన కంటబడింది.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొంత కరిగి ఉండటం వల్ల వాననీటికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ దానికి లొంగిపోయి బంకమన్ను అవుతుంది. పలుగురాయి, అంటే క్వార్ట్జ్, మొండిది. అది ఇసుక రేణువుగా మిగులుతుంది. ఇక అన్నదమ్ములు వేరుపడినట్టే. ఇసుక ఒడ్డు దగ్గరే దిగిపోతుంది, బంకమన్ను నీటిలో తేలుతూ దూరం పోయి లోతుల్లో పొరలు పొరలుగా పేరుకుంటుంది. పైపొరల బరువుకు నీరు పిండుకుపోయి గట్టిపడుతుంది. తర్వాత భూపటలం నలిగినప్పుడు, ఆ ఒత్తిడికీ వేడికీ బంకమన్ను రేకులు అభ్రకపు రేకులుగా మారి, అన్నీ ఒకే వైపుకు ఒరిగి పడుకుంటాయి. ఉలి తగిలితే రాయి ఆ వరసలోనే విడిపోతుంది.

ఇసుక ఏమైందో తిరుమల ఘాట్ రోడ్డులో తెలుస్తుంది. కింద గ్రానైటు, దాని మీద పరుపు పరిచినట్టు క్వార్ట్జైటు. పాత గ్రానైటు కొండలు అరిగి ఇసుకై, ఇసుకరాయై, చివరికి రేణువులు ఒకదానిలో ఒకటి అతుక్కుపోయిన రాయి ఇది. ఈ రెండింటి మధ్య గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతైంది. ప్రభుత్వం దీన్ని జాతీయ భూవారసత్వ చిహ్నంగా గుర్తించింది. మనం మాత్రం బస్సులో కునికిపాట్లు పడుతూ దాటేస్తాం.

వాననీటిలో కరిగిపోయిన కాల్షియందీ ఒక దారి ఉంది. అది సముద్రంలో చేరి సున్నపురాయి అవుతుంది. కడప జిల్లా వేంపల్లె రాళ్లలో కనిపించే గుమ్మటాల్లాంటి గీతలు, కంటికి కనబడని సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టుకున్న ఇళ్ల ఆనవాళ్లు. వంటింట్లో కడప బండ గట్టు మీద నిమ్మరసమో చింతపండు పులుసో ఒలికితే నునుపు పోయి మచ్చపడుతుంది కదా, అదీ సున్నపురాయే కాబట్టి. పూజగదిలో పాలరాయి కూడా పులుపు తగిలితే పాడవుతుంది. వేడికి మళ్లీ స్ఫటికాలు కట్టిన సున్నపురాయే పాలరాయి మరి. గ్రానైటు గట్టుకు ఈ బెడద లేదు. అన్నట్టు, అంగట్లో గ్రానైటు అని అమ్మే చీమకుర్తి గెలాక్సీ రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు గ్రానైటు అనరు, గాబ్రో అంటారు.

బడిపుస్తకంలో అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని మూడు గళ్లు గీసి చూపిస్తారు. చదివితే అవి మూడు వేరు కులాలేమో అనిపిస్తుంది. నాకైతే అవి ఒకే మనిషి పసితనం, నడివయసు, ముసలితనం లాంటివి. తేడా ఒక్కటే, ఇక్కడ ముసలితనం నుంచి మళ్లీ పసితనానికి రావచ్చు.

మార్కాపురంలో పలకగా ఆగిపోయిన బురద లాంటిదే, తూర్పు కనుమల కింద ఇంకా లోతుకు దిగి 800 డిగ్రీలు మించిన వేడిని చవిచూసింది. అలా మారిన రాయికి అక్కడి ఖోండు గిరిజనుల పేరు మీద ఖోండలైటు అని పేరు పెట్టారు. విశాఖ చుట్టూ ఉన్న కొండలు చాలావరకు అదే. అందులో ఎర్రటి గార్నెట్ పలుకులు ఉంటాయి. వానలకు ఆ కొండలు అరిగి, పలుకులు వాగుల వెంట దిగివస్తున్నాయి. భీమిలి వైపు తీరంలో అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే ముదురెరుపు చారల్లో ఉండేవి అవే.