ఒక బిట్టు, దాని వెనక ఇంకో ప్రశ్న

గ్రూప్స్‌కో, పోలీసు ఉద్యోగానికో చదివే కుర్రాళ్ల నోట్సులో ఈ బిట్టు తప్పకుండా ఉంటుంది: తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఏది? జవాబు, పెనుకొండ. టిక్కు పెట్టి పేజీ తిప్పేస్తారు. ఆ తిప్పే ముందు ‘పెనుకొండే ఎందుకు?’ అని ఇంకొక్క ప్రశ్న వేసుకుంటే చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బెంగళూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైలు దారిలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే ఊళ్లు. మూడూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివే. బడిలో ప్రార్థన అయ్యాక పిల్లలు చదివే ‘నేటి విశేషం’ కోసం జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు వెతుకుతుంటారు. ఏడాదికి సరిపడా సరుకు ఈ మూడు ఊళ్లలోనే ఉంది.

ముందు పెనుకొండ సంగతి. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధభూమిలో, రాజ్యాన్ని నిజంగా నడిపిన అళియ రామరాయలు హతుడయ్యాడు. తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను, పేరుకు చక్రవర్తిగా ఉన్న సదాశివరాయలను వెంటబెట్టుకుని దక్షిణానికి తరలివచ్చాడు. పెనుకొండ అప్పటికే రాజ్యంలో ముఖ్యమైన పాలనా కేంద్రం, పైగా గట్టి కొండకోట. శత్రువు వెనక తరుముతున్నప్పుడు అంతకన్నా అనువైన చోటు దొరకదు. ఆరవీటి వంశపు ఏలుబడి ఇక్కడి నుంచే సాగింది. రామరాజభూషణుడు ‘వసుచరిత్ర’ను అంకితమిచ్చింది ఈ తిరుమలరాయలకే. అంటే చరిత్ర పేపర్లోని పెనుకొండ, తెలుగు పేపర్లోని వసుచరిత్ర ఒకే మనిషి దగ్గర కలుస్తాయి. గోల్కొండ దాడులు ఆగకపోవడంతో రాజధాని తర్వాత చంద్రగిరికి మారింది. నాటి రాజభవనం గగనమహల్ మాత్రం నేటికీ ఊళ్లో నిలిచే ఉంది.

అదే పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైంది. తెలుగు, కన్నడం, ఉర్దూ వినిపించే సీమలోకి కొరియన్ భాష కూడా వచ్చి చేరింది.

హిందూపురానికి ఆ పేరు గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు వల్ల వచ్చిందంటారు. తండ్రి హిందూరావు పేరు నిలపడానికి ఆయన ఈ ఊరు కట్టించాడని ప్రతీతి. నంది కొండల్లో పుట్టిన పెన్న కన్నడ సీమ దాటి ఆంధ్రలో అడుగుపెట్టేది కూడా ఈ ప్రాంతంలోనే.

హిందూపురం నుంచి 15 కిలోమీటర్లు వెళితే లేపాక్షి. అచ్యుతదేవరాయల (1529–1542) కాలంలో, పెనుకొండ కేంద్రంగా అధికారం నడిపిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు వీరభద్రాలయాన్ని కట్టించారు. ఏకశిలా నంది పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. ఈ కొలతలు అందరూ బట్టీ పడతారు. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి చూడని యాత్రికుడూ ఉండడు. అక్కడే ఒక్క క్షణం ఆగి తలెత్తితే పైకప్పు మీద బొమ్మలు కనిపిస్తాయి. మగవాళ్ల తలల మీద పొడవాటి కుళ్లాయిలు, ఆడవాళ్ల ఒంటి మీద గళ్లు, చారలు, పూలు తీర్చిన చీరలు. విజయనగర కాలంలో జనం ఏం కట్టుకునేవారో చెప్పే సాక్ష్యం అది. లతామండపం స్తంభాల మీద చెక్కిన తీగలు, పూలు కూడా చీర అంచు గీయడానికి పనికొచ్చేవే. 2022లో ఈ ఆలయం, నంది యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హస్తకళల దుకాణాలకు ‘లేపాక్షి’ అని పేరు పెట్టడంలో ఎంత ఔచిత్యం ఉందో ఆ పైకప్పు చూస్తే తెలుస్తుంది.

ఆ నేత వైభవానికి ఇప్పటి చిరునామా ధర్మవరం. చీరకు కావాల్సిన పట్టు పుట్టేది మల్బరీ తోటల్లో. రైతు పండించిన పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్‌కు వస్తాయి. గూటిని చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల ప్యూపా కదలడం వినిపిస్తుంది. బొటనవేలంత ఉండే ఆ గూడు చుట్టూ ఉన్నదంతా ఒకే పోగు, విప్పితే దాదాపు కిలోమీటరు సాగుతుంది. గూళ్లను వేడి నీళ్లలో వేస్తే జిగురు మెత్తబడి పోగు కొస దొరుకుతుంది. ఒక్క గూటి పోగు మరీ సన్నం కాబట్టి కొన్ని గూళ్ల పోగులు కలిపి దారంగా తీస్తారు. ఆ దారాన్ని పురిపెట్టి, రంగులద్ది, పడుగుగా, పేకగా మగ్గమెక్కిస్తే చీర తయారవుతుంది. ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. వెడల్పాటి అంచు, నిండైన జరీ కొంగు చూసి పెళ్లిళ్లకు కొనుక్కెళ్లేవాళ్లు ఈ వరసంతా తెలుసుకుంటే, నేతగాడు చెప్పే ధర వాళ్లకు న్యాయంగానే తోస్తుంది.

ధర్మవరం మీద ఇంకో బిట్టు ఉంది: ‘ఆంధ్ర నాటక పితామహుడు’ ఎవరు? జవాబు, ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912). తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెప్పుకునే ‘విషాద సారంగధర’ ఆయన రచనే. మరి ధర్మవరం మనిషి తన నాటక సమాజం సరస వినోదినీ సభను బళ్లారిలో ఎందుకు పెట్టాడు? ఆయన వకీలు వృత్తి చేసింది అక్కడే. 1882లో విడదీసి అనంతపురం జిల్లా చేసేదాకా ధర్మవరం, హిందూపురం, పెనుకొండ అన్నీ బళ్లారి జిల్లా కిందివే. కోర్టు పనికైనా కలెక్టరు దర్శనానికైనా ఇక్కడివాళ్లు బళ్లారికే వెళ్లేవారు. ప్రఖ్యాత నటుడు బళ్లారి రాఘవ ఆ రామకృష్ణమాచార్యులకు మేనల్లుడే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. అందుకే మేనమామ పేరులోని ఊరు నేడు ఆంధ్రలో ఉంటే, మేనల్లుడి పేరులోని ఊరు కర్ణాటకలో ఉంది.