చేలల్లో వింత వలయాలు: వేసింది దెయ్యమా, గాలా, మనుషులా?

పొద్దున్నే చేను చూడబోయిన రైతుకు నడిమధ్య పైరు గుండ్రంగా నేలకొరిగి కనిపిస్తే ఏమనుకుంటాడు? రాత్రి గాలీవానా కొట్టిందేమో అనుకుంటాడు. పశువులో, అడవి పందులో పడ్డాయేమో అని గట్ల వెంబడి జాడ చూస్తాడు. ఇంగ్లండులో 1980లలో మాత్రం ఇదే ప్రశ్నకు చాలా పెద్ద జవాబులు వచ్చాయి. ఎగిరే పళ్ళాలు దిగాయన్నారు కొందరు. ఎవరూ ఎరగని సుడిగాలి అన్నారు మరికొందరు. టేపులు, కెమెరాలు పట్టుకుని వందలాది మంది చేలమీద పడ్డారు. పదేళ్ళకు పైగా నడిచిన ఈ వింత గుట్టును 1991లో ఇద్దరు వృద్ధులు తమంతట తామే విప్పారు. అంతవరకు ఆరా తీసినవారికి ఆ గుట్టు ఎందుకు చిక్కలేదన్నదే ఈ కథలో చూడవలసిన విషయం.

దెయ్యం కోసిన పంట

చేలో వలయాల ముచ్చట కొత్తది కాదు. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1678లో ఒక కరపత్రం అచ్చయింది. ఒక రైతు ఓట్స్ పంట కోతకు కూలివాణ్ణి పిలిచాడట. కూలి బేరం తెగలేదు. ఆ రేటు ఇచ్చేకంటే దెయ్యం కోస్తే మేలని రైతు విసుక్కున్నాడట. ఆ రాత్రి చేను మండుతున్నట్టు కనిపించింది. తెల్లవారేసరికి పంట గుండ్రంగా, నున్నగా కోసి ఉంది. దాన్ని ఇంటికి చేర్చడానికి రైతుకు ధైర్యం చాలలేదని కరపత్రం ముగించింది. ఇందులో పంట కోశారు గాని పడవేయలేదు. అయినా వలయాల మీద నమ్మకం ఉన్నవారు దీన్నే మొదటి సాక్ష్యంగా చూపిస్తుంటారు.

1880లో జాన్ రాండ్ కాప్రన్ అనే ఆయన ‘నేచర్’ పత్రికకు ఒక ఉత్తరం రాశారు. గాలివానల తరువాత సర్రే ప్రాంతంలో గోధుమ పైరు అక్కడక్కడ గుండ్రంగా పడిపోయిందని ఆయన వివరించారు. ఎరువు ఎక్కువై ఏపుగా పెరిగిన వరి కార్తీక మాసపు ముసురుకు ఎలా పడిపోతుందో చూసిన రైతుకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 1966 జనవరి 19న ఇంకో సంగతి జరిగింది. టల్లీ అనే ఊరి దగ్గర బురద చెరువులోంచి పళ్ళెంలాంటిది పైకి లేచిందని అరటి తోటల రైతు ఒకరు చెప్పారు. వెళ్ళి చూస్తే నీళ్ళలోని తుంగ గుండ్రంగా సుడి తిరిగి పడి ఉంది. పత్రికలు దానికి ‘పళ్ళెం గూడు’ అని పేరు పెట్టాయి. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో కాపురమున్న డగ్ బోవర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి చెవిన కూడా ఈ వార్త పడింది.

కొండమీద ఊదా దీపం

ఇంగ్లండులోని విల్ట్‌షైర్ జిల్లాలో వార్‌మిన్‌స్టర్ అనే చిన్న పట్టణం ఉంది. 1964 క్రిస్మస్ వేళ అక్కడ ఆకాశంలో వింత చప్పుళ్ళు వినిపించాయని జనం చెప్పుకొన్నారు. మరుసటి ఏడాది వింత వెలుగులు కనిపించాయన్నారు. ఆ ఊరి పత్రికా విలేకరి ఆర్థర్ షటిల్‌వుడ్ వీటిమీద ఏకంగా పుస్తకాలే రాశారు. రాత్రిళ్ళు క్రేడిల్ హిల్ అనే కొండ ఎక్కి ఆకాశం కాపలా కాయడం ఎందరికో వ్యాపకమైంది.

1970 మార్చి 28 రాత్రి ఆ కొండమీద ఉన్నవారికి దూరాన ఊదారంగు దీపం ఒకటి కొద్ది సెకన్లు వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది. అక్కడున్న ఒకాయన ఫొటోలు తీశాడు. ఎగిరే పళ్ళాల పత్రికకు చెందిన నిపుణులు ఆ ఫొటోలను పరిశీలించి, అసలైనవేనని తేల్చారు. నిజానికి అదంతా డేవిడ్ సింప్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఆయన మిత్రులు పెట్టిన పరీక్ష. దీపం వారిదే. ఫొటో తీసిన మనిషీ వారివాడే. కెమెరాలో రెండు దొంగ ఫొటోలు ముందే ఎక్కించి ఉంచారు. ఆ ఫొటోల్లో కనిపించిన దానికీ, కొండమీది వారు చూసిన దానికీ పొంతన లేకుండా చేశారు. రెండేళ్ళకు పైగా ఆ తేడా ఒక్కరికీ తట్టలేదు. చివరకు సింప్సనే బయటపెట్టారు.

కన్ను మోసపోతుందని అందరికీ తెలుసు. పరిశీలించేవాడు కూడా మోసపోతాడని ఈ పరీక్ష చూపించింది. దీన్నుంచి పాఠం నేర్చుకొని ఉంటే తరువాతి రభస చాలా తగ్గేది.

చేలమీద పడ్డ అన్వేషకులు

1980 ఆగస్టులో విల్ట్‌షైర్‌లోనే ఓట్స్ చేలో వలయాలు పడ్డాయని స్థానిక పత్రికలో వార్త వచ్చింది. టెరెన్స్ మీడెన్ అనే వాతావరణ పరిశోధకుడు వెళ్ళి చూశారు. ఒకచోట నిలిచి తిరిగే సుడిగాలే కారణమని ఆయన వాదించారు. పాట్ డెల్గాడో, కాలిన్ ఆండ్రూస్ అనే ఇద్దరు ఇంజనీర్లకు ఈ మాట నచ్చలేదు. మనకు తెలియని ఏదో తెలివైన శక్తి ఉందని వారి అభిప్రాయం. వారు చేలన్నీ తిరిగి, కొలతలు తీసి, విమానంలోంచి ఫొటోలు తీయించి 1989లో ‘సర్క్యులర్ ఎవిడెన్స్’ అనే పుస్తకం వేశారు. అది బాగా అమ్ముడుపోయింది.

వారు పడ్డ శ్రమ తక్కువేమీ కాదు. కాని పద్ధతిలో లోపం ఉంది. మనవైపు బోరు పాయింటు చూసేవారు వేపపుల్ల పట్టుకుని నడిచినట్టే, వలయంలో ఉన్న ‘శక్తి’ని కనుక్కోవడానికి చాలామంది అన్వేషకులు లోహపు కడ్డీలు పట్టుకుని తిరిగారు. కాడ విరగకుండా వంగడం, కణుపు దగ్గర మలుపు తిరగడం అసలు వలయానికి గుర్తులని నమ్మారు. పచ్చి పైరును తొక్కితే వంగుతుంది గాని విరగదు. పడ్డ పైరు రెండు మూడు రోజుల్లో కణుపు దగ్గర వంగి మళ్ళీ తల ఎత్తుతుంది. ఈ సంగతి వరి పండించే ఏ రైతును అడిగినా చెప్పేవాడు.

1990 జూలైలో వెస్ట్‌బరీ సమీపంలోని కొండమీద బిబిసి, జపాను టెలివిజను వారి సాయంతో కెమెరాలు పెట్టి రాత్రంతా కాపలా కాశారు. దీనికి ‘ఆపరేషన్ బ్లాక్‌బర్డ్’ అని పేరు. 25వ తేదీ తెల్లవారుజామున కింద చేలో వలయాలు కనిపించాయి. గొప్ప సంఘటన జరిగిందని ఆండ్రూస్ టెలివిజనులో ప్రకటించారు. తీరా చేలోకి దిగి చూస్తే వలయాల మధ్య చెక్క శిలువలు, పిల్లలాడుకునే బల్ల ఆట ఉన్నాయి. ఎవరో ఆకతాయిలు చేసిన పని అది.

చెక్క, తాడు, టోపీ

1991 సెప్టెంబరులో లండన్‌లో వెలువడుతుండిన ‘టుడే’ దినపత్రిక అసలు కథ బయటపెట్టింది. సౌతాంప్టన్‌కు చెందిన డగ్ బోవర్ (67), డేవ్ చోర్లీ (62) నీటిరంగుల బొమ్మలు వేసుకునే మిత్రులు. 1970ల చివర్లో ఒక సాయంత్రం సారాయి దుకాణంలో కూర్చున్నప్పుడు బోవర్‌కు టల్లీ వార్త గుర్తొచ్చింది. పళ్ళెం దిగిందని జనాన్ని నమ్మిద్దామని ఇద్దరూ గోధుమ చేలోకి దిగారు.

వారి సరంజామా చూస్తే నవ్వొస్తుంది. నాలుగడుగుల చెక్క, దాని రెండు కొసలకూ కట్టిన తాడు. తాడు చేత పట్టి, చెక్కను కాలితో నొక్కుకుంటూ తిరిగితే పైరు ఒకే వైపుకు నున్నగా పడుతుంది. గీత వంకర పోకుండా గురి చూడటానికి టోపీకి కట్టిన తీగచుట్ట ఒకటి. ఇక అడుగుజాడలు ఎందుకు లేవంటే, అక్కడి చేలల్లో మందు కొట్టే ట్రాక్టరు చక్రాల దారులు పైరు మధ్యగా ఉంటాయి. వాటి వెంట నడిచి వెళ్ళి, వాటి వెంటే తిరిగి వచ్చేవారు. బోవర్ కారు ఎక్కువ మైళ్ళు తిరుగుతోందని ఆయన భార్యకు అనుమానం వచ్చింది. మరో ఆడమనిషి ఉందేమోనని నిలదీస్తే ఆయన ఇంట్లో నిజం చెప్పుకోక తప్పలేదు. సుడిగాలి వాదం వచ్చాక, గాలి తిన్నని గీతలు గీయలేదు కదా అని కావాలనే గీతలు కూడా కలిపారు.

పత్రికవారు వారిచేత కెంట్ ప్రాంతంలో ఒక వలయం వేయించి డెల్గాడోను పిలిపించారు. మనుషులు చేయగలిగింది కాదని ఆయన చెప్పారు. ఆ తరువాత వేసినవారిని ఎదుట నిలబెట్టారు. మోసపోయానని డెల్గాడో ఒప్పుకొన్నారు. ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి.

ఇద్దరు ముసలివాళ్ళు అన్ని వలయాలు వేయగలరా అని కొందరు వాదించారు. అన్నీ తామే వేశామని వారూ అనలేదు. వారిని చూసి ఇతరులూ మొదలుపెట్టారు. 1992లో బకింగ్‌హామ్‌షైర్‌లో చీకట్లో వలయాలు వేసే పోటీ పెట్టారు. హెలికాప్టర్ల కంపెనీలో పనిచేసే ముగ్గురు ఇంజనీర్లు 3000 పౌండ్ల బహుమతి గెలిచారు. చిక్కుముడి లాంటి నమూనాలను మనుషులు ఒక్క రాత్రిలో వేయగలరని అక్కడ అందరి ఎదుటా తేలింది.

ముందే చేయవలసిన పరీక్ష

ఇంజనీర్లయినా, బడి చదువు మాత్రమే ఉన్నవారయినా ఆరా తీయడం తప్పేమీ కాదు. ఏ వలయం అసలుదో ఏది నకిలీయో చెప్పగలమని అన్వేషకులు పదేళ్ళు అన్నారు. తెలిసినవారి చేత రహస్యంగా ఒకటి వేయించి, తమ మాట నిజమవుతుందో లేదో ముందుగా చూసుకోలేదు. ఆ పని పత్రికవారు ఒక్కరోజులో చేశారు. వార్‌మిన్‌స్టర్‌లో సింప్సన్ ఇరవై ఏళ్ళ ముందే చేసి చూపారు.

చోర్లీ 1996లో, బోవర్ 2018లో కన్నుమూశారు. వలయాలు మాత్రం ఆగలేదు. 2001 ఆగస్టులో విల్ట్‌షైర్‌లోని మిల్క్ హిల్ మీద 409 వలయాలతో పెద్ద నమూనా వెలిసింది. ఇలాంటివి చూడడానికి వచ్చే జనం తొక్కిడికి, వలయం వేసినప్పటికంటే ఎక్కువ పైరు పోతుంది. కొందరు రైతులు చేను దగ్గర డబ్బాపెట్టి చూసేవారి దగ్గర పైకం వసూలు చేసి నష్టం పూడ్చుకున్నారు. మరికొందరు ఎవరూ రాకూడదని వలయాన్నే కోసి పారేశారు.

వలయం వేసినందుకు కోర్టు శిక్ష పడింది 2000లో. నమూనాలు మనుషులకు సాధ్యం కాదన్నవారికి చూపించడానికని ఒక యువకుడు విల్ట్‌షైర్‌లో పరాయివారి గోధుమ చేలో నక్షత్రం వేశాడు. అతనికి 100 పౌండ్ల జరిమానా, ఖర్చులు విధించారు. నేలకొరిగిన గోధుమల లెక్క మాత్రం ఎప్పటిలాగే రైతు చూసుకోవలసి వచ్చింది.