ఎర్రచందనము: పువ్వు, కాయ, విత్తనము

అలిపిరి నుండి తిరుమలకు నడచి పోవు భక్తులకు ఇరువైపుల కనిపించునది శేషాచలము అడవి. 2010లో ఈ కొండలను జీవావరణ రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. లోకములో ఎర్రచందనము సహజముగా పెరుగు కొద్ది తావులలో ఇది ముఖ్యమైనది. ఈ చెట్టు క్రింద రాలిన గుండ్రని, పలుచని, చుట్టును రెక్క గల బిళ్లను చూపి ‘ఎర్రచందనము విత్తనము’ అనుట మనకు అలవాటు. అది విత్తనము కాదు, కాయ.

ఇది బడిపిల్లల పాఠము కదా యని సభ్యులు అనుకొనవచ్చును. కాని పంచాయతీ నారుమడికై ‘కిలో విత్తనములు’ అని కాగితము మీద వ్రాసి, రెక్కలతో కూడిన కాయలను దింపించుకొన్నచో, తూకములో మంచి భాగము రెక్కకును పెంకునకును పోవును. పైకి నిండుగా కనిపించు కాయలో విత్తు లేకపోవుటయు కలదు. మొలకలు రానపుడు నింద నీళ్లు పోసిన వాని మీద పడును.

పువ్వు నుండి మొదలు పెట్టుదము. ఎర్రచందనము పువ్వు పసుపుపచ్చనిది, కంది పువ్వు తీరున నుండును. అడుగున గిన్నె వలె నున్నది రక్షకపత్రావళి. మొగ్గ దశలో లోపలి భాగములను కాపాడునది అదియే. దానిపై ఐదు రేకులు, ఆకర్షణపత్రావళి. వెనుక నిలిచిన పెద్ద రేకు ధ్వజము, ప్రక్క రెండును బాహువులు, ముందరి రెండును ద్రోణులు. ద్రోణి యనగా దోనె. ఈ పేరు పెట్టిన వారు ఏటి ఒడ్డు వారై యుందురేమో! లోపల పది కేసరములు, వాని కొనలయందు పుప్పొడి నిండిన పరాగకోశములు. నడుమ అండకోశము: అడుగున అండాశయము, దానిపై సన్నని కీలము, చివర కీలాగ్రము. పుప్పొడిని తేనెటీగలు కీలాగ్రమునకు చేర్చును.

తరువాత రేకులు రాలిపోవును. అండాశయము కాయ యగును. అందలి అండము విత్తన మగును. అండాశయపు గోడకు అప్పుడు ఫలకవచమని పేరు. మన మామిడిలో ఇది మూడు పొరలు: తొక్క బాహ్యఫలకవచము, తినెడి కండ మధ్యఫలకవచము, టెంక పెంకు అంతఃఫలకవచము. టెంక లోపలి జీడియే అసలు విత్తనము. ఎర్రచందనములో ఫలకవచమే అంచున పలుచనై రెక్కగా సాగినది. శాస్త్రనామములోని ‘టెరోకార్పస్’ అను గ్రీకు మాటకు రెక్క గల ఫలమనియే అర్థము. ఇదే కొండలలోని జాలారి కాయకును రెక్కలు కలవు గాని, అవి రక్షకపత్రములు పెరుగగా ఏర్పడినవి.

పూత వేసవిలో వచ్చును. కాయ ముదురుటకు మరుసటి సంవత్సరము ఫిబ్రవరి, మార్చి నెలల వరకు పట్టును. పచ్చి కాయలను దులిపించిన శ్రమ వృథా. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి గ్రామములో సిద్ధపరచు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో పూత నెలను, కాయ ముదురు నెలను వేరుగా వ్రాయుట మేలు.

నారుమళ్లలో తరచుగా రెక్క కత్తిరించిన కాయనే నానబెట్టి నాటుదురు. అందు దోషము లేదు. అటులైనచో కొనుగోలు కాగితములో ‘రెక్క తీసిన కాయలు’ అనియే వ్రాయింపవలెను. సొమ్ము చెల్లించుటకు ముందు పది కాయలను చీల్చి, ఎన్నిటిలో విత్తు కలదో సభ్యులే స్వయముగా లెక్కింపవలెను.